వణికే పెద్దరికం: అలస్టేర్ సిమ్ స్మారకోపన్యాసం

అలస్టేర్ సిమ్‌కు ముప్పయ్యో ఏడు దగ్గరపడేదాకా నటన వృత్తి కాలేదు. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో, లోథియన్ రోడ్డులో 1900 అక్టోబరు 9న పుట్టాడు. తండ్రి దర్జీ. తల్లి పశ్చిమ తీరంలోని ఐగ్ అనే చిన్న దీవి మనిషి; ఆమె పుట్టింటి భాష గేలిక్, ఇంగ్లీషు పట్నం చేరాక పట్టుబడ్డది. నలుగురు పిల్లల్లో అలస్టేర్ ఆఖరివాడు. దుకాణంలో కూర్చోబెడితే వ్యాపారం ఒంటబట్టలేదు. రసాయనశాస్త్రం చదవడానికి విశ్వవిద్యాలయంలో చేరితే, 1918లో సైనిక శిక్షణకు పిలుపొచ్చి ఆ చదువు ఆగింది. యుద్ధం ముగిశాక ఇంటికొచ్చి నాటకాల్లోకి వెళతానన్నాడు. ఇంట్లో గొడవయింది. కుర్రవాడు హైలాండ్స్ కొండల్లోకి వెళ్లిపోయి, దొరికిన కూలి పని చేస్తూ ఏడాది పాటు తిరిగాడు. వెనక్కి వచ్చాక నగరపాలక సంస్థలో, పన్నుల మదింపు విభాగంలో ఒక చిన్న ఉద్యోగం.

ఆ ఉద్యోగం కన్నా పద్యపఠనం ఆయనకు ఎక్కువ కలిసొచ్చింది. ఎడిన్‌బరో పోటీల్లో పఠనానికి బంగారు పతకం గెలుచుకున్నాడు. ఉచ్చారణ, వాచకం నేర్పే మాస్టారుగా పేరొచ్చింది. 1925 నుంచి 1930 దాకా ఎడిన్‌బరో న్యూ కాలేజీలో ఈ విషయానికే అధ్యాపకుడు. న్యూ కాలేజీ దైవశాస్త్రం చెప్పే చోటు. అక్కడ చదివేవాళ్లలో ఎక్కువమంది రేపు చర్చి వేదిక ఎక్కి ప్రసంగించవలసిన పాదిరీలు. ఎక్కడ ఆగాలి, ఏ మాట మీద ఊనిక పెట్టాలి, వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా గొంతు చించుకోకుండా ఎలా వినిపించాలి అన్నవి ఆయన వాళ్లకు నేర్పాడు. పెద్దమనిషి గొంతు ఎలా తయారవుతుందో లోపలినుంచి చూసినవాడు. అందుకే తరవాత ఆ గొంతును ఎక్కడ నొక్కితే బీటవారుతుందో కూడా ఆయనకు తెలిసింది.

సిమ్ హాస్యానికి ముడిసరుకు ఇదే. ఆయన వేసిన వేషాల పట్టిక చూస్తే బడి హెడ్‌మాస్టరు, హెడ్‌మిస్ట్రెస్, పోలీసు ఇన్‌స్పెక్టరు, రిటైరైన సైనికాధికారి, జమీందారు, బిషప్పు, జడ్జి కనిపిస్తారు. అందరూ కుర్చీ ఉన్నవాళ్లే. ఆ కుర్చీ కాలు ఒకటి విరిగిందని వాళ్లకొక్కరికే తెలుసు. ఎదుటివాళ్లకు తెలియకుండా నిటారుగా కూర్చోవాలన్న తాపత్రయంలో నవ్వు పుడుతుంది. కాలు జారి పడేవాణ్ణి చూసి నవ్వడం ఒక రకం. పడబోతూ, పడలేదన్నట్టు పక్కవాడితో వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి చూసి నవ్వడం ఇంకో రకం. సిమ్‌ది రెండోది.

వృత్తినటుడిగా తొలి వేషం 1930లో, లండన్ సవాయ్ థియేటర్‌లో ఆడిన ‘ఒథెల్లో’లో. కవి, నాటకకర్త జాన్ డ్రింక్‌వాటర్ చొరవతో ఆ అవకాశం దొరికింది. ఒథెల్లో పాల్ రోబ్సన్, డెస్డిమోనా పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్. సిమ్‌కు దక్కింది వార్త తెచ్చే దూత వేషం. 1932లో ఎడిన్‌బరో నాటకాల రోజుల నుంచి పరిచయమున్న నయోమీ ప్లాస్కిట్‌ను పెళ్లాడాడు. ఆమే తరవాత, 1987లో, వాళ్ల యాభై ఏళ్ల సాహచర్యాన్ని ‘డాన్స్ అండ్ స్కైలార్క్’ అనే పుస్తకంగా రాసింది. 1932–33లో ఓల్డ్ విక్ నాటక సమాజంలో ఒక సీజన్ పనిచేసి షేక్‌స్పియర్‌లో రాటుదేలాడు.

సినిమా 1935లో మొదలైంది. అప్పటి బ్రిటిష్ సినిమా పరిస్థితి కొంచెం తెలిస్తే గాని ఆ తొలి చిత్రాలు అర్థం కావు. హాలీవుడ్ సరుకు దేశమంతా నిండిపోతోందని 1927లో ఒక చట్టం చేశారు. ప్రతి సినిమాహాలు తన ప్రదర్శనల్లో ఇంత వంతు బ్రిటిష్ చిత్రాలకు ఇచ్చి తీరాలన్నారు. ఆ లెక్క నింపడానికి చవకగా, హడావిడిగా, వారాల్లో చుట్టేసిన బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. వాటికి ‘కోటా క్విక్కీలు’ అని ఎగతాళి పేరు. సిమ్ సినిమా బడి ఇక్కడే. పోలీసు, దొంగ, నౌకరు, మతిలేని ప్రొఫెసరు, ఏదంటే అది వేశాడు. కథానాయకుడు మాట్లాడుతుంటే వెనక నిలబడ్డ సిమ్ కనుబొమ ఒకటి ఎత్తేవాడు. హాలు చూపంతా అటు తిరిగేది. 1938లో తీసిన ‘ఇన్‌స్పెక్టర్ హార్న్‌లీ’, దాని తరవాతి రెండు చిత్రాల్లో గార్డన్ హార్కర్ పక్కన సార్జెంట్ బింగమ్‌గా నిలకడైన గుర్తింపు వచ్చింది. పై అధికారి ముందు అణకువ, లోపల తానే తెలివైనవాణ్ణన్న నమ్మకం, రెండూ తప్పని రుజువయ్యే ముగింపు: బింగమ్ వేషం ఇంతే. అయినా తరవాతి ఇన్‌స్పెక్టర్ల విత్తనం అందులో ఉంది.

ఆయన రూపం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. జుట్టు చిన్నతనంలోనే ఊడిపోయింది. ముప్పై దాటినప్పుడే యాభై ఏళ్లవాడిలా ఉండేవాడు. అరవై దాటాకా అలాగే ఉన్నాడు. పొడుగు ముఖం, వాలిన రెప్పల కింద పెద్ద పెద్ద తడి కళ్లు, ఎటుపడితే అటు సాగే నోరు. ఆ నోరు నవ్వుకు విచ్చుకుంటున్నప్పుడే కళ్లు దుఃఖంలో ఉంటాయి. మన అలంకారికులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చేశారు. సిమ్‌కు ఆహార్యంతో పెద్ద పని లేదు. చాలా వేషాల్లో అదే బట్టతల, అదే కోటు. వాచికం మాస్టారుగా సాధించిన విద్య. ఆయనను మిగతా హాస్యనటుల నుంచి వేరు చేసేది మాత్రం సాత్త్వికం. చెమట, వణుకు, గొంతు పూడుకుపోవడం, ముఖం పాలిపోవడం లాంటివాటిని హాస్యంలోకి అంత నమ్మకంగా తెచ్చినవాళ్లు తక్కువ.

1940లో ‘కాటేజ్ టు లెట్’ అనే గూఢచారి నాటకంలో సిమ్‌తో పాటు ఒక లండన్ కుర్రవాడు నటించాడు. పేరు జార్జ్ కోల్, వయసు పదిహేను. లండన్ మీద బాంబులు పడుతున్న రోజులు. సిమ్ దంపతులు ఆ కుర్రవాణ్ణీ అతని తల్లినీ తమ ఇంట్లో ఉంచుకున్నారు. మరుసటి ఏడు ఆంథొనీ ఆస్క్విత్ ఆ నాటకాన్ని సినిమాగా తీస్తే ఇద్దరూ అందులోనూ ఉన్నారు. సిమ్ అతనికి లండన్ బస్తీ యాస వదిలించాడు. కావలసినప్పుడు దాన్ని తిరిగి తెచ్చుకోవడమూ నేర్పి ఉంటాడనుకోవాలి, ఎందుకంటే కోల్ తరవాత పేరు తెచ్చుకున్నది ఎక్కువగా ఆ యాస వేషాలతోనే. పదేళ్ల పైచిలుకు ఇద్దరూ ఎన్నో సినిమాల్లో కలిసి కనిపించారు. 1951 ‘స్క్రూజ్’లో పడుచు స్క్రూజ్ కోల్, ముసలి స్క్రూజ్ సిమ్.

యుద్ధం తరవాత సిమ్‌కు అసలైన ఇల్లు దొరికింది. అది ఫ్రాంక్ లాండర్, సిడ్నీ గిలియట్ అనే రచయిత–దర్శక జంట. 1938లో హిచ్‌కాక్ తీసిన ‘ది లేడీ వానిషెస్’కు స్క్రీన్‌ప్లే రాసింది వీళ్లే. బ్రిటిష్ హాస్య చిత్రాలంటే అందరికీ ఈలింగ్ స్టూడియో గుర్తొస్తుంది గాని, సిమ్ ఈలింగ్ మనిషి కాడు. ఆ స్టూడియో హాస్యచిత్రాల్లో మొదటిదని చెప్పే ‘హ్యూ అండ్ క్రై’లో, 1947లో, మాత్రం చిన్న వేషం వేశాడు. పిల్లల పత్రికకు వారం వారం రక్తపాతం నిండిన నేర కథలు రాసే రచయిత వేషం అది. తన కథల్లోని సంకేతాలను నిజం దొంగలు వాడుకుంటున్నారని తెలిసేసరికి వణికిపోతాడు. వేలమందిని కాగితం మీద చంపినవాడికి నిజంగా ఒక దొంగ పేరు వింటే కాళ్లాడవు. రెండు మూడు దృశ్యాలే అయినా సినిమా చూసినవాళ్లకు బాగా గుర్తుండేది అతనే.

గిలియట్ దర్శకత్వంలో 1946లో వచ్చిన ‘గ్రీన్ ఫర్ డేంజర్’ ఆయన మేలిమి పనుల్లో ఒకటి. క్రిస్టియానా బ్రాండ్ నవల ఆధారం. 1944, ఇంగ్లండ్ పల్లెసీమలో యుద్ధకాలపు ఆసుపత్రి. పైన జర్మన్ ఎగిరే బాంబులు. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇస్తుండగా ఒక రోగి చనిపోతాడు. సినిమా మొదటి భాగం పూర్తిగా గంభీరం. ఆ తరవాత ఇన్‌స్పెక్టర్ కాక్‌రిల్‌గా సిమ్ గొడుగుతో దిగుతాడు, బొమ్మ ఊపిరి మారిపోతుంది. ఆసుపత్రిలో అందరూ భయంతో బిగుసుకుపోయి ఉంటే, ఈయన వాళ్ల రహస్యాలు తవ్వుతూ చిన్నపిల్లవాడిలా సంతోషపడుతుంటాడు. ఎగిరే బాంబు భయం పట్టుకుంటే మాత్రం చాటు వెతుక్కుంటాడు. రాత్రి పక్క మీద డిటెక్టివ్ నవల చదువుతూ, హంతకుడెవరో తేల్చేశానన్న ధీమాతో చివరి పేజీ తిప్పి చూసి, తన లెక్క తప్పిందని తెలుసుకుంటాడు. ఆ ఒక్క చిన్న దృశ్యంలో కథ ముగింపుకు సూచన దాగి ఉంది: నిజం నేరంలోనూ ఆయన హంతకుణ్ణి పట్టుకుంటాడు గాని, పట్టుకున్న తీరు వల్ల ఇంకో ప్రాణం పోతుంది. కథంతా పై అధికారికి రాసే నివేదికగా నడిచి, రాజీనామా మాటతో ముగుస్తుంది. గెలిచిన డిటెక్టివ్‌ను ఓడినవాడిగా నిలబెట్టిన సినిమాలు ఆ కాలంలో అరుదు. సిమ్ లేకపోతే అది తేలిపోయేది.

1948లో ‘లండన్ బిలాంగ్స్ టు మీ’లో ఆయన స్క్వేల్స్ అనే బూటకపు మంత్రగాడు. చనిపోయినవాళ్లతో మాట్లాడిస్తానని చెప్పి ఇల్లు అద్దెకిచ్చే విధవరాలి పంచన చేరి, తిండి, పడక సంపాదించుకునే రకం. 1955లో ఈలింగ్ వారి ‘ది లేడీకిల్లర్స్’లో అలెక్ గిన్నెస్ కట్టుడు పళ్లతో, జారిపోతున్న మర్యాదతో ఒక దొంగల నాయకుణ్ణి వేశాడు. అది సిమ్‌ను చూసి కట్టిన వేషమేనని విమర్శకులు చాలామంది అన్నారు. రెండు చిత్రాలూ పక్కపక్కన చూసినవాళ్లు కాదనలేరు.

1950లో లాండర్ తీసిన ‘ది హ్యాపియస్ట్ డేస్ ఆఫ్ యువర్ లైఫ్’ బ్రిటిష్ ప్రహసనాల్లో అగ్రశ్రేణి. జాన్ డైటన్ నాటకం మూలం. యుద్ధకాలంలో బడులను ఊరి నుంచి ఊరికి మార్చిన ప్రభుత్వ శాఖ ఆ అలవాటు ఇంకా మానుకోలేదు. గుమాస్తా పొరపాటున, నట్‌బోర్న్ అనే మగపిల్లల బడికి సెయింట్ స్విదిన్స్ అనే ఆడపిల్లల బడి మొత్తం సామానుతో సహా దిగిపోతుంది. హెడ్‌మాస్టర్ పాండ్‌గా సిమ్, హెడ్‌మిస్ట్రెస్ మిస్ విట్‌చర్చ్‌గా మార్గరెట్ రూథర్‌ఫర్డ్. ఆమె ఓడలా సాగివస్తుంది. ఆయన రేవులో కట్టిన పడవలా ఊగుతుంటాడు. చివర్లో ఒకే రోజున, ఒకే సమయానికి, ఆడపిల్లల తల్లిదండ్రులు ఒకవైపు నుంచి, పాండ్‌కు పెద్ద ఉద్యోగం ఇవ్వదలచిన పాలకమండలి పెద్దలు ఇంకోవైపు నుంచి వస్తారు. ఒక బృందం ఒక గది దాటగానే అందులో పిల్లలు, బోర్డులు, ఆటసామాన్లు మారిపోవాలి. ఈ పరుగంతా నడుస్తుంటే పాండ్ అతిథులతో తీరిగ్గా విద్యా విధానం మీద మాట్లాడుతుంటాడు. మాట నిదానం, కళ్లు మాత్రం తలుపు వైపు, గడియారం వైపు, మళ్లీ తలుపు వైపు. అంతా కుప్పకూలాక ఇద్దరు పెద్దలూ దూరదేశానికి పారిపోయే సంగతి ఆలోచిస్తారు. టాంగన్యీకాలో వేరుశనగ తోటల ప్రస్తావన వస్తుంది. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ వేరుశనగ పండిస్తానని కోట్ల పౌన్లు మట్టిపాలు చేస్తున్న రోజులవి కాబట్టి హాల్లో ఆ మాటకు పడిన నవ్వు మామూలుది కాదు. ఆ ఏడాదే దేశవ్యాప్తంగా జరిగిన ప్రేక్షకుల ఎన్నికలో బ్రిటన్‌లో అత్యంత జనాదరణ ఉన్న సినిమా నటుడిగా సిమ్ నిలిచాడు. కథానాయకుడి ముఖం గాని, వయసు గాని లేని మనిషికి ఆ పేరు రావడం విశేషమే.

అదే ఏడు హిచ్‌కాక్ ‘స్టేజ్ ఫ్రైట్’లో కథానాయిక తండ్రిగా చేశాడు. ఆ సినిమా హిచ్‌కాక్ గొప్ప చిత్రాల్లో లెక్కకు రాదు; సిమ్ ఉన్న దృశ్యాలు మాత్రం దానికి ప్రాణం. మరుసటి ఏడు మారియో జాంపీ ‘లాఫ్టర్ ఇన్ ప్యారడైజ్’. పరిహాసాలంటే పిచ్చి ఉన్న ఒక ధనికుడు చనిపోతూ నలుగురు బంధువులకు తలా 50,000 పౌన్లు రాసి, ఒక్కొక్కరికి ఒక్కో వింత షరతు పెడతాడు. సిమ్ ఇందులో రిటైరైన కెప్టెన్. పైకి పరువైన సైనికాధికారి, చాటున మారుపేర్లతో చవకబారు నవలలు రాసి బతికేవాడు. ఆయన షరతు నిజంగా నేరం చేసి సరిగ్గా 28 రోజులు జైల్లో ఉండటం. నవలల్లో ఎన్నో నేరాలు చేయించినవాడికి దుకాణంలో చిన్న వస్తువు దొంగిలించడం చేతకాదు. అరెస్టు కావడానికి పడే పాట్లలో ప్రతిసారీ ఆయన పెద్దమనిషితనమే అడ్డొస్తుంది. అలాంటి మనిషి దొంగ అంటే ఎవరూ నమ్మరు. పరువు కాపాడుకునేవాడి హాస్యం మీద ఎదిగిన నటుడు, పరువు పోగొట్టుకోలేక అవస్థపడేవాడిని ఆడిన తీరు చూడవలసిందే.

1951లోనే ‘స్క్రూజ్’ వచ్చింది. డికెన్స్ 1843లో రాసిన ‘ఎ క్రిస్మస్ కెరొల్’ ఆధారంగా బ్రయన్ డెస్మండ్ హర్స్ట్ తీసిన చిత్రం. స్క్రీన్‌ప్లే నోయెల్ లాంగ్లీ. సిమ్ పేరు చెబితే ప్రపంచంలో ఎక్కువమందికి గుర్తొచ్చేది ఈ బొమ్మ. నిజానికి ఇది హాస్యచిత్రం కాదు. అందుకే సిమ్ హాస్యం దేనితో తయారయిందో దీనిలో స్పష్టంగా తెలుస్తుంది. పిసినారి స్క్రూజ్‌ను అంతకు ముందు నటులు చాలామంది కర్రపట్టుకున్న రాక్షసుడిగా ఆడారు. సిమ్ స్క్రూజ్ అలసిపోయినవాడు. భోజనశాలలో ఇంకొంచెం రొట్టె అడుగుతాడు. అర పెన్నీ అదనమని నౌకరు అనగానే వద్దంటాడు. ఆ వద్దనడంలో కోపం లేదు, చిన్న ఓటమి ఉంది. కథలో లేని గతాన్ని లాంగ్లీ కొంత కల్పించాడు: అక్క ప్రసవమయ్యాక కన్నుమూయడం, మేనల్లుడి మీద ద్వేషం అక్కణ్ణించి మొదలవడం, తరవాత దయ్యంగా వచ్చే వ్యాపార భాగస్వామి మార్లీతో పొత్తు ఎలా కుదిరిందన్నది. దానివల్ల ముసలి స్క్రూజ్ దయ్యాలు చూపించే తన పాత జీవితాన్ని చూస్తూ ఊరికే నిలబడక, చూసిన ప్రతిదానికీ జవాబుదారీ అవుతాడు. మైకెల్ హార్డర్న్ వేసిన మార్లీ దయ్యం గొలుసులు ఆడిస్తూ వచ్చినప్పుడు సిమ్ ముఖంలో కనిపించేది, ‘గ్రీన్ ఫర్ డేంజర్’లో బాంబు భయం పట్టిన ఇన్‌స్పెక్టరు ముఖమే. అక్కడ నవ్వించిన భయం ఇక్కడ భయపెడుతుంది.

క్రిస్మస్ ఉదయపు దృశ్యం ఆ సినిమాకు శిఖరం. తాను ఇంకా బతికే ఉన్నానని తెలిసిన ముసలివాడు గదిలో గంతులేస్తాడు, నవ్వు ఆపుకోలేక వగరుస్తాడు, తలకిందులుగా నిలబడతాడు. ఇల్లు ఊడ్చే మిసెస్ డిల్బర్‌గా కాథ్లీన్ హారిసన్ కెవ్వుమని మెట్ల మీదికి పరుగెత్తుతుంది. ఆయన వెంటబడి, చేతిలో ఒక గినీ పెట్టి, వారానికి రెండు షిల్లింగుల జీతం పది చేస్తున్నానంటాడు. ఇంతసేపూ అణచిపెట్టిన హాస్యనటుడు ఒక్కసారిగా బయటికి రావడం ప్రేక్షకుడికి శారీరకంగా తెలుస్తుంది. ఆ హడావిడిలో అద్దంలో ఒక సినిమా పనివాడి నీడ కనిపించడం పాత అభిమానులకు తెలిసిన పొరపాటు. దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు. దానికన్నా నిశ్శబ్దమైనది తరవాతి దృశ్యం. మేనల్లుడి ఇంటి గుమ్మంలో లోపలికి వెళ్లే ధైర్యం చాలక నిలబడిన ముసలివాణ్ణి చూసి, పనిపిల్ల మాట లేకుండా తల ఊపి ధైర్యం చెబుతుంది. జీవితమంతా ఇతరులకు పని చెప్పినవాడు పనిపిల్ల అనుమతితో గది దాటుతాడు.

అమెరికాలో ఆ చిత్రాన్ని న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో ఆడించాలనుకుని, పండగ బొమ్మకు మరీ చీకటి ఎక్కువని మానుకున్నారు. తరవాత టీవీ దాన్ని పట్టుకుంది. ఏటా డిసెంబరులో వేయడం ఆనవాయితీ అయింది. 1971లో రిచర్డ్ విలియమ్స్ ఇదే కథను యానిమేషన్‌గా తీసినప్పుడు స్క్రూజ్‌కు సిమ్, మార్లీకి హార్డర్న్ మళ్లీ గొంతిచ్చారు. దానికి ఆస్కార్ వచ్చింది.

‘ది బెల్స్ ఆఫ్ సెయింట్ ట్రినియన్స్’ 1954 నాటిది. మూలం రోనల్డ్ సెర్ల్ కార్టూన్లు. సెర్ల్ ఆ వరస మొదలుపెట్టింది 1941లో. తరవాత జపాన్ సైన్యానికి చిక్కి సింగపూర్ చాంగీ జైల్లోనూ బర్మా రైలుమార్గం పనిలోనూ యుద్ధఖైదీగా గడిపి, తిరిగొచ్చి మళ్లీ ఆ అల్లరి పిల్లల బొమ్మలు గీశాడు. గదిలో నాటుసారా కాచే, గుర్రప్పందేలు ఆడే, ఒకరినొకరు హింసించుకునే ఆడపిల్లల బడి అది. హెడ్‌మిస్ట్రెస్ మిలిసెంట్ ఫ్రిటన్ వేషం సిమ్‌ది. ఆమె సోదరుడు, పందేలరాయుడు క్లారెన్స్ కూడా ఆయనే. బ్రిటన్‌లో మగవాడు ఆడవేషం వేయడం క్రిస్మస్ పాంటోమైముల్లో పాత సంప్రదాయం. అక్కడ వేషం వేసినవాడు మగవాడని క్షణక్షణం గుర్తు చేస్తూ నవ్విస్తారు. సిమ్ ఆ దారి తొక్కలేదు. మిస్ ఫ్రిటన్ ముత్యాల దండ, మెత్తని గొంతు, చేతివేళ్ల కదలిక, అప్పులవాళ్లను సాగనంపే చాతుర్యం అన్నీ నిజంగా ఒక నలిగిపోయిన మర్యాదస్తురాలివి. తక్కిన బడులు పిల్లల్ని ఏమాత్రం సిద్ధం చేయకుండానే క్రూరలోకంలోకి పంపుతాయనీ, తన బడి విషయంలో లోకమే సిద్ధపడాలనీ ఆమె చెప్పే ధోరణిలో చిన్న గర్వం కూడా ఉంది. ఫ్లాష్ హ్యారీ అనే దొంగసరుకు దళారీగా జార్జ్ కోల్ గోడల పక్కన నక్కుతూ తిరిగాడు. బొమ్మ విపరీతంగా ఆడింది. 1957లో వచ్చిన రెండో భాగంలో సిమ్ కాసేపే కనిపించాడు. తరవాతి వాటిల్లో లేడు. ఆయన లేని సెయింట్ ట్రినియన్స్ చిత్రాల్లో గోల ఉంది, బడి లేదు.

అదే 1954లో రచయిత ప్రీస్ట్లీ నాటకం ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ సినిమా అయింది. ఒక ధనిక కుటుంబం విందు బల్ల దగ్గరికి వచ్చి, ఒక పేదపిల్ల చావులో వాళ్లు ఒక్కొక్కరి పాత్రను బయటపెట్టే అంతుబట్టని ఇన్‌స్పెక్టరు. నవ్వించే వీలున్న చోట్ల కూడా సిమ్ నవ్వించలేదు. కళ్లు మాత్రమే వాడాడు. 1956 ‘ది గ్రీన్ మ్యాన్’లో ఆయన గడియారాల దుకాణదారు ముసుగులో ఉన్న కిరాయి హంతకుడు. చంపడం ఆయనకు కళ, బాంబు ఆయనకు వాద్యం. చంపవలసిన మనిషి ఉన్న హోటల్లో ముగ్గురు వృద్ధ వాద్యకారిణులు అడ్డు తగులుతారు. గడియారం ముల్లు నడుస్తుండగా, వాళ్ల సంగీతానికి మురిసిపోతున్నట్టు నటిస్తూ వాళ్లను గదిలోంచి పంపించాలి. ఆ కొన్ని నిమిషాల ఆట చాలు ఆయన పనితనం తెలియడానికి. 1960లో ‘స్కూల్ ఫర్ స్కౌండ్రల్స్’లో, ఎదుటివాణ్ణి ఎలా చిన్నబుచ్చాలో పాఠాలు చెప్పే కాలేజీకి ప్రిన్సిపాల్. ఆ తరవాత పదేళ్ల పైన సినిమా దాదాపు మానేశాడు. బ్రిటిష్ సినిమా కార్మికవాడల కథల వైపు తిరిగింది. కుర్చీలో కూర్చున్న పెద్దలను వణికించవలసిన అవసరం దానికి తగ్గిపోయింది.

నాటకరంగం మాత్రం ఆయనను వదలలేదు. తెర మీద చూసినవాళ్లకు తెలియని సగం అది. జేమ్స్ బ్రైడీ అనే కలంపేరుతో రాసిన గ్లాస్గో డాక్టరు ఆస్బర్న్ మేవర్ నాటకాలకు 1939 నుంచి వరసగా దర్శకత్వం వహించి, ప్రధాన వేషాలు తానే వేశాడు. ‘మిస్టర్ బోల్ఫ్రీ’, ‘డాక్టర్ ఏంజెలస్’, ‘మిస్టర్ గిల్లీ’ వాటిల్లో ముఖ్యమైనవి. స్కాట్లండ్ మతనిష్ఠ, దయ్యం, హాస్యం కలిసి నడిచే నాటకాలు అవి. 1951లో బ్రైడీ పోవడంతో ఆ జంట చెదిరింది. పిల్లల నాటకం ‘పీటర్ పాన్’లో కెప్టెన్ హుక్ వేషాన్ని 1941 నుంచి 1968 దాకా పలు దఫాలు వేశాడు. 1962లో ఓల్డ్ విక్‌లో షేక్‌స్పియర్ పాత్ర ప్రాస్పెరో. 1969లో చిచెస్టర్‌లో పినేరో ప్రహసనం ‘ది మేజిస్ట్రేట్’. రాత్రి పరువుతక్కువ హోటల్‌కి వెళ్లి, పోలీసులు రాగానే కిటికీలోంచి పారిపోయి, పొద్దున చిరిగిన బట్టలతో న్యాయపీఠమెక్కి, అదే హోటల్లో పట్టుబడిన సొంత భార్యకు శిక్ష వేసే మేజిస్ట్రేటు కథ. ఈ వేషం సిమ్ కోసం ఎనభై ఏళ్ల ముందుగా రాసి పెట్టినట్టుంటుంది. బీబీసీ టీవీలో 1967–71 మధ్య వచ్చిన ‘మిస్‌లీడింగ్ కేసెస్’లోనూ ఆయన జడ్జి. ఏ.పి. హెర్బర్ట్ రాసిన ఆ వెటకారపు కేసుల్లో, ఆవు ఒంటి మీద చెక్కు రాసి ఆదాయపు పన్ను కట్టే హాడక్ అనే పౌరుడు చట్టంతో పేచీ పెడుతుంటాడు. జడ్జి స్వాలో తిట్టాల్సింది పోయి, లోలోపల ఆనందిస్తుంటాడు.

1948లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆయనను తమ రెక్టరుగా ఎన్నుకున్నారు. ఓడిన ప్రత్యర్థి హెరల్డ్ మెక్‌మిలన్, తరవాత బ్రిటన్ ప్రధాని. చదువు మధ్యలో ఆగిన విశ్వవిద్యాలయంలో మూడేళ్లు ఆ పదవిలో ఉండి దిగిపోతుంటే 1951లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. 1953లో సీబీఈ బిరుదు తీసుకున్నాడు. 1970ల మొదట్లో ‘సర్’ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. ఆటోగ్రాఫులు ఇచ్చేవాడు కాదు. ఇంటర్వ్యూలు అరుదు. నటుణ్ణి జనం మెచ్చేదీ తోసిపుచ్చేదీ వేసిన వేషం చూసే, ప్రచారం మంచి నటనను పాడుచేయలేదు, చెడ్డ నటనను కప్పిపుచ్చలేదు అన్నది ఆయన వాదన. నిలబడి సంతకం కోరే అభిమానికి ఇది మొండితనంగానే తోచి ఉంటుంది. కాని ఆయనకు సన్నిహితులైనవాళ్లు చెప్పిన మనిషి వేరు: హెన్లీ దగ్గర నెటిల్‌బెడ్‌లో, బ్రైడీ నాటకం పేరిట ‘ఫారిగన్’ అని పెట్టుకున్న ఇల్లు, ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక కుర్ర నటుడో, విద్యార్థో. కోల్ పెద్దవాడయ్యాక కూడా దూరం పోకుండా ఆ దగ్గర్లోనే ఇల్లు కట్టుకున్నాడు.

చివరి సినిమాల్లో 1972 ‘ది రూలింగ్ క్లాస్’ గుర్తుంచుకోదగ్గది. తనను తాను యేసుక్రీస్తునని నమ్మే పిచ్చి ప్రభువుకు పెళ్లి చేయవలసిన ముసలి బిషప్పు ఆయన. మంత్రం చదువుతుంటే గొంతు వణుకుతుంది, ముఖం మీద ప్రతి కండరం వేరువేరుగా బాధపడుతుంది. నలభై ఏళ్ల పైచిలుకు కిందట పాదిరీలకు వాచకం నేర్పిన మాస్టారు పాదిరీ వేషంలోనే దాదాపు సెలవు తీసుకున్నాడు. 1975 ‘రాయల్ ఫ్లాష్’, మరుసటి ఏడు ఒక డిస్నీ పిల్లల చిత్రం తరవాత, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1976 ఆగస్టు 19న లండన్‌లో కన్నుమూశాడు. అప్పటికి 75 ఏళ్లు. ఎడిన్‌బరో లోథియన్ రోడ్డులో, ఫిల్మ్‌హౌస్ సినిమా బయట, ఆయన పుట్టిన చోటును గుర్తుచేసే ఫలకాన్ని 2008లో పెట్టారు.